వరద తీసిన తరువాత

శ్రోతలకు నమస్కారం. ముప్ఫై రెండేళ్ళు విజయవాడలో విలేఖరిగా పనిచేసి ఇటీవలే పదవీ విరమణ చేసిన నన్ను, పర్యావరణ వార్తలతో నాకున్న అనుభవం గురించి మాట్లాడమన్నారు. నిజానికి మా పత్రికలో పర్యావరణ విలేఖరి అనే హోదా ఎవరికీ లేదు. నీటిపారుదల, వ్యవసాయం, మున్సిపాలిటీ వార్తల సందుల్లోనే ఆ పని జరిగిపోయేది.

కొల్లేరును 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టం నుంచి ఎత్తును చూపే గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించినప్పుడూ, 2002లో ఆ సరస్సు అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరినప్పుడూ నేను పంపిన వార్తలు లోపలి పేజీల్లో సర్దుకున్నాయి. 2006లో ఆ సరస్సులో అక్రమంగా వెలసిన చేపల చెరువుల గట్లను అధికారులు పేల్చినప్పుడు మాత్రం మొదటి పేజీ దొరికింది. గట్టు పేలితే ఫొటో వస్తుంది. ఏళ్ళ తరబడి తట్ట తట్టగా గట్టు పోస్తున్నప్పుడు ఎవరు ఫొటో తీస్తారు?

అయితే నన్ను ఎక్కువగా బాధించేది బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే ఈ ఏటి వరదను వెలగలేరు దగ్గర మళ్ళించి కృష్ణలో కలుపుతారు. కానీ కృష్ణే నిండుగా పారుతున్నప్పుడు ఆ మళ్ళింపు నీరు సులువుగా నదిలోకి దిగదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లోనే మళ్ళింపు కాలువకు గండ్లు పడి, విజయవాడలోని సింగ్ నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి.

ఆ వారంలో 2005 నాటి బుడమేరు వరదకు సంబంధించిన నా పాత నోటుపుస్తకం తీసి చూశాను. ఎన్ని అడుగుల నీరు, ఎన్ని పడవలు, ఎన్ని పులిహోర పొట్లాలు, అన్నీ రాసుకున్నాను. ఏటి పొరంబోకు ఎంత, అందులో ఇళ్ళ స్థలాలు ఎప్పుడు వెలిశాయి, వాటికి ఎవరు అనుమతి ఇచ్చారు అన్నది మాత్రం ఒక్క పుటలోనూ లేదు. డెస్కు వాళ్ళు కోసేశారని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే నేను అసలు అడగనే లేదు.

అందుకే కుర్ర విలేఖరులకు నేను చెప్పేది ఒక్కటే: వరదకు వెళ్ళినవారు మే నెలలో కూడా అక్కడికే వెళ్ళండి, పాత గ్రామ పటం వెంట తీసుకుని వెళ్ళండి.

ఈ వేసవిలో నేనూ వెళ్ళాను. గుర్రపుడెక్క కమ్మేసిన కాలువ పక్కన ఒక పెద్దాయన, "ఏ పేపరండీ మీది?" అని అడిగారు. ఇప్పుడు ఏ పేపరూ లేదన్నాను. ఆయన ఒక్క క్షణం చూసి, "అయినా రండి, పాత గట్టు ఎక్కడుండేదో చూపిస్తాను" అంటూ ముందు నడిచారు.