నొప్పి లేకుండా చూపు తగ్గిందా? ఆ రోజే చూపించుకోండి

(తెర మీద: ఒక కన్ను మూసుకుని గోడ క్యాలెండర్ చూస్తున్న పెద్దాయన)

నమస్తే. కావలి దగ్గర అరవై ఏళ్ల రైతు ఒకాయన ఉన్నాడనుకోండి. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. తెల్లారి లేచేసరికి ఒక కంట్లో కింది సగం మసక. మెట్లు దిగుతుంటే కాలి కింద మెట్టు ఆనదు. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఇంట్లోవాళ్లేమో "శుక్లం అయ్యుంటుందిలే, కోతలయ్యాక చూపిద్దాం" అంటారు. నాకు భయం ఈ మాటంటేనే. శుక్లం రాత్రికి రాత్రి రాదు. నెలలు, ఏళ్లు పడుతుంది.

(తెర మీద: కంటి వెనక భాగం బొమ్మ)

ఇలా ఉన్నట్టుండి చూపు తగ్గడానికి ఒక కారణం, కంటి నరానికి రక్తం చాలకపోయే జబ్బు. కంటి నుంచి మెదడుకు వెళ్లే ఈ నరంలో 10 లక్షలకు పైగా పోగులుంటాయి. ఆ నరం మొదలుకు రక్తం అందించేవి చాలా సన్నటి నాళాలు. నిద్రలో బీపీ ఎలాగూ కొంత తగ్గుతుంది. కనిగిరి రిజర్వాయరులో మట్టం తగ్గితే కాలువ చివరి పొలానికి నీళ్లు ఎక్కవు కదా, ఇక్కడా అంతే. రక్తం చాలక నరం ఉబ్బుతుంది. పుట్టుకతోనే ఆ చోటు ఇరుగ్గా ఉన్నవాళ్లలో ఆ ఉబ్బు పోగుల్ని ఇంకా నొక్కేస్తుంది.

రాత్రి పూట వేసుకునే బీపీ బిళ్ళలు, గురకలో ఊపిరి ఆగిపోయే జబ్బు కూడా ముప్పు పెంచుతాయని డాక్టర్ల అనుమానం. అలాగని బిళ్ళలు మీ అంతట మీరు మానొద్దు. ఏ పూట వేసుకోవాలో డాక్టర్‌నే అడగండి.

పోయిన చూపును తెచ్చే మందు ఇదీ అని ఇంకా రుజువు కాలేదు. ఈ జబ్బుకు నరం మీద ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ పనికిరాదని 1995లోనే అమెరికాలో తేలింది. కొందరికి కొంత చూపు దానంతటదే వస్తుంది. ఐదేళ్లలో నూటికి సుమారు 15 మందికి ఈ జబ్బు రెండో కంటికీ వస్తుంది. షుగర్, బీపీ అదుపు చేసుకోమనేది అందుకే.

(తెర మీద: కణత మీద చెయ్యి)

యాభై దాటినవాళ్లకు కణత నొప్పి, తల దువ్వితే మంట, నమిలితే దవడ నొప్పి కూడా ఉంటే అది వేరే రకం: రక్తనాళాల వాపు. మన దగ్గర అరుదే, కానీ రోజుల్లోనే రెండో కన్నూ పోవచ్చు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేస్తారు. అనుమానం గట్టిగా ఉంటే కణత నాళంలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా స్టెరాయిడ్ మొదలుపెడతారు.

నెల్లూరో ఒంగోలో, ఏది దగ్గరైతే అక్కడ కంటి డాక్టర్ దగ్గరికి ఆ రోజే వెళ్లండి. వాడే బిళ్ళల అట్టలన్నీ సంచిలో వేసుకోండి. కంట్లో చుక్కలు వేస్తే కాసేపు చూపు ఆనదు, బండి నడపడానికి ఒకరిని వెంట తీసుకెళ్లండి.