మద్రాసు మీద పట్టు, చేజారిన మూడేళ్లు

నమస్కారం అండీ. ఈ వీడియో చేయడానికి నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది. టంగుటూరి ప్రకాశం గారంటే నాకు ప్రాణం. సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీకి ఎదురు నిలబడిన మనిషి. అయినా 1949లో ఆయన పట్టిన పట్టు గురించి మాట్లాడుకోవాల్సిందే.

ఆ ఏడాది నెహ్రూ, పటేల్, మన పట్టాభి సీతారామయ్య గారు కలిసి ఒక నివేదిక ఇచ్చారు. ఆంధ్ర రాష్ట్రం ఇవ్వొచ్చు, కాకపోతే మద్రాసు నగరాన్ని మీరు వదులుకోవాలి అన్నారు. రాష్ట్రం 1950 జనవరి 26 లోపే వచ్చేలా ఉంది. పంపకాల సంగతి తేల్చడానికి ఒక సంఘాన్ని కూడా వేశారు. అందులో ప్రకాశం గారు విడిగా అసమ్మతి పత్రం రాశారు. మద్రాసు మీద హక్కు వదలం అన్నారు. ఏకాభిప్రాయం లేదన్న సాకు దొరికింది, ఢిల్లీ ఫైలు పక్కన పెట్టేసింది.

మనవాళ్ల వాదనలో బలం లేదని నేను అనను. చెన్నపట్నం అన్న పేరే దామెర్ల చెన్నప్ప పేరు మీద వచ్చిందంటారు. ఆ ఊళ్లో తెలుగువాళ్ల ఇళ్లు, ప్రెస్సులు, పత్రికలు, వ్యాపారాలు ఎన్నో. కానీ అప్పటికే అక్కడ తమిళులే ఎక్కువ. మనకెంత ప్రేమ ఉందో వాళ్లకూ అంతే ఉంది. "మద్రాసు మనదే" అని గొంతు చించుకున్నవాళ్లలో ఎంతమంది ఆ సంగతి ఒప్పుకున్నారు? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు కూర్చున్నాం.

అటు ఢిల్లీ కూడా తక్కువ తినలేదు. 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. యాభై ఎనిమిది రోజులండీ! ఒక మనిషి కళ్లముందే కరిగిపోతుంటే, దీక్షలకు లొంగితే పాలన సాగదని పెద్దలు బిగుసుకుపోయారు. డిసెంబర్ 15 రాత్రి ఆయన పోయారు. ఊళ్లు రగిలాయి, కాల్పుల్లో ఇంకా కొందరు చనిపోయారు. నాలుగు రోజులకే, 19న, రాష్ట్రం ఇస్తున్నామని నెహ్రూ ప్రకటించారు. ఆ మాట పది రోజుల ముందే అని ఉండకూడదా? ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

1953 అక్టోబర్ 1న రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండానే. కర్నూలులో డేరాల్లో ఆఫీసులు పెట్టుకున్నారు. మొదటి ముఖ్యమంత్రి ప్రకాశం గారే.

అసలు కర్నూలు రాజధాని ఎందుకైందో తెలుసా? 1937లో మద్రాసులోనే, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. రాజధానా, హైకోర్టా, ముందు కోరుకునే హక్కు సీమది అని. పదహారేళ్ల తర్వాత ఆ కాగితం ప్రకారమే రాజధాని కర్నూలుకు వెళ్లింది, హైకోర్టు గుంటూరుకు వచ్చింది.