వే ప్రొటీన్ డబ్బానా, మీల్‌మేకరా? మన కంచంతో లెక్క కట్టి చెప్తున్నా

అందరికీ నమస్కారం, శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. టేబుల్ మీద చూడండి. ఒకవైపు కిలో వే ప్రొటీన్ డబ్బా, అంటే పాలు విరిగాక మిగిలే నీళ్ళ నుంచి తీసే ప్రొటీన్ పొడి, రెండోవైపు మీల్‌మేకర్ ప్యాకెట్, గుడ్లు, గుప్పెడు వేరుశనగ గింజలు. డబ్బా సంగతి చివర్లో చెప్తాను. ప్రొటీన్ పెంచి వ్యాయామం చేస్తే కొవ్వు పోయి కండ వస్తుందంటారు కదా, ముందు అది ఎంతవరకు నిజమో చూద్దాం.

రాత్రి అన్నం మానేసి నాలుగు కిలోలు తగ్గినవాళ్ళు మన చుట్టూ బోలెడుమంది. బుగ్గలు లోపలికి పోతాయి, పొట్ట మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తగ్గినదాంట్లో కండ కూడా ఉంది మరి. ఆ తేడా తూకం మిషన్‌కి తెలీదు.

కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీవాళ్ళు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. 40 మంది కుర్రాళ్ళకి నాలుగు వారాలపాటు తిండిలో కేలరీలు 40 శాతం కోసేసి, గట్టిగా వ్యాయామం చేయించారు. సగం మందికి రోజుకి, కిలో బరువుకి 1.2 గ్రాముల ప్రొటీన్, మిగతావాళ్ళకి 2.4. ప్రొటీన్ తక్కువ తిన్నవాళ్ళకి కొవ్వు మూడున్నర కిలోలు తగ్గింది, కండ దాదాపు అలాగే ఉంది. ఎక్కువ తిన్నవాళ్ళకి కొవ్వు 4.8 కిలోలు తగ్గి, కొవ్వు కాని బరువు 1.2 కిలోలు పెరిగింది. అంత కడుపు మాడ్చుకుని కూడా! అయితే వాళ్ళు కుర్రాళ్ళు, పక్కనుండి చేయించారు. మనకి అన్నేసి కిలోలు వస్తాయని ఆశపడొద్దు. పైగా 2.4 దాకా పోనక్కర్లేదు. 2018లో 49 ట్రయల్స్ కలిపి చూస్తే, బరువులు ఎత్తేవాళ్ళకి కిలోకి 1.6 గ్రాములు దాటాక కండకి పెద్దగా లాభం కనపడలేదు.

మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి చెప్పింది రోజుకి, కిలో బరువుకి 0.83 గ్రాములు. అరవై కిలోల మనిషికి ఇది యాభై గ్రాములు, వ్యాయామం చేస్తే ఇందాకటి 1.6 లెక్కన తొంభై ఆరు. ఇప్పుడు మన కంచం చూడండి. రోజుకి మూడొందల గ్రాముల బియ్యం అనుకుంటే పాతిక గ్రాముల లోపే. యాభై గ్రాముల కందిపప్పు పదకొండు. గ్లాసు పాలో పెరుగో ఎనిమిది. మొత్తం నలభై నాలుగు. ఇంకో యాభై కావాలి. మూడు గుడ్లు పద్దెనిమిది, యాభై గ్రాముల ఎండు మీల్‌మేకర్ ఇరవై ఆరు, ముప్పై గ్రాముల వేరుశనగ గింజలు ఏడు. అయిపోయింది! చేపలు, చికెన్ వండిన రోజు మీల్‌మేకర్ మానేయండి. ఉలవలూ వాడొచ్చు, కందిపప్పుకి తీసిపోవు. చోడి (రాగి) అంబలి తాగండి, మంచిదే, కానీ ప్రొటీన్ ఖాతాలో రాయకండి.

ఇదంతా తిని టీవీ ముందు కూర్చుంటే కండ రాదు. కండకి బరువు పడాలి, ఆ బరువు మెల్లగా పెరగాలి. ఇంట్లో అయితే బస్కీలు, దండీలు చాలు. పది తేలికయ్యాక పన్నెండు, తర్వాత చేతిలో నీళ్ళ డబ్బా. వారానికి రెండు మూడు రోజులు. కళింగపట్నం బీచ్‌లో నడక గుండెకి మంచిది, కండకి అదొక్కటే సరిపోదు.

బరువులెత్తితే మగరాయుళ్ళలా అయిపోతామని ఆడవాళ్ళు భయపడుతుంటారు. ఆడవాళ్ళలో కండ పెంచే టెస్టోస్టిరాన్ హార్మోన్ చాలా తక్కువ, కండలు అంత తేలిగ్గా ఊరవు. ఆముదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన జిల్లా మనది. ఇక్కడ ఈ భయమేంటమ్మా?

ఇప్పుడు చెప్పేది స్కిప్ చేయకండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం... కిడ్నీ జబ్బు ఎక్కువున్న మన ఉద్దానంవాళ్ళెవరైనా ఈ వీడియో చూస్తుంటే ప్రొటీన్ పెంచే ముందు కిడ్నీ ఎలా ఉందో చెప్పే రెండు పరీక్షలు, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చేయించండి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలని ఈ మోతాదు ప్రొటీన్ పాడు చేస్తుందని తేలలేదు. కానీ అప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి అది భారమే. కిడ్నీ జబ్బు మొదట్లో ఏ నొప్పీ చూపించదు, అదే టెన్షన్. జిమ్ చేసేవాళ్ళైతే ఆ మాట డాక్టర్‌గారికి చెప్పండి, కండ ఎక్కువున్నా క్రియాటినిన్ కాస్త పైకి చూపిస్తుంది. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు కూడా ముందు ఈ పరీక్షలు చేయించండి.

ఇక డబ్బా. స్కూపుకి ఇరవై నాలుగు గ్రాములు, బాగా కలుస్తుంది, చాక్లెట్ రుచి పర్వాలేదు. పాలు పడనివాళ్ళకి కడుపుబ్బరం రావచ్చు. నేను కొన్న ధరకి స్కూపు దాదాపు వంద రూపాయలు పడింది. రెండు స్కూపులకి రెండొందలు. అదే యాభై గ్రాములు గుడ్లు, మీల్‌మేకర్, వేరుశనగ గింజలతో నలభై లోపే వచ్చింది. హాస్టల్‌లో ఉండి వండుకోలేనివాళ్ళు, గుడ్డు ముట్టనివాళ్ళు కొనుక్కోవచ్చు. నేనైతే ఇది అయ్యాక మళ్ళీ కొనను. మీల్‌మేకర్ మాత్రం వేడి నీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండి, మసాలా బాగా దట్టించి వండండి, లేకపోతే ఇంట్లో రెండో రోజు ఎవరూ తినరు.