జబల్ అఖ్దర్‌లో గులాబీలు కోసే రోజులు

అందరికీ నమస్కారం అండీ. ఏప్రిల్ అంటే మనకి మామిడికాయలు, ఒంటిపూట బడులు గుర్తొస్తాయి కదా, ఒమన్‌లో ఉన్నప్పట్నుంచీ నాకు మాత్రం గులాబీలు గుర్తొస్తున్నాయి. మస్కట్ వెళ్ళిన కొత్తలో ఎవరో చెప్తే నమ్మలేదు, ఈ రాళ్ళల్లో ఈ ఎండలో గులాబీలేంటి అని. కానీ మస్కట్ నుంచి నిజ్వా రోడ్డు పట్టుకుని వెళ్తే నిజ్వా ఇంకా రాకముందే బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరొస్తుంది, అక్కణ్ణుంచి కొండెక్కితే జబల్ అఖ్దర్, అంటే పచ్చకొండ అని అర్థం. పైన సైక్ పీఠభూమి దాదాపు 2,000 మీటర్ల ఎత్తు, కింద ఏసీ లేకుండా ఉండలేని రోజుల్లో కూడా పైన పొద్దున్నే స్వెటర్ వేసుకోవాలనిపిస్తుంది, ఆ చలే ఆ గులాబీలకి ప్రాణం.

ఒక మాట ముందే చెప్పాలి, మామూలు కారుతో బయల్దేరొద్దు. కొండ కిందే పోలీస్ చెక్‌పోస్ట్ ఉంటుంది, ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాకపోతే వెనక్కి పంపించేస్తారు. దిగేటప్పుడు కూడా లో గేర్‌లోనే దిగాలి, బ్రేక్ మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టుకోవు.

మొదటి ఏడాది మేము శుక్రవారం సెలవు కదా అని తీరిగ్గా టిఫిన్ తినేసి బయల్దేరాం, పైకి చేరేసరికి పదకొండు దాటింది. పొదలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి కానీ పువ్వు అన్నది ఎక్కడో ఒకటీ అరా, పిల్లల మొహాలు చిన్నబోయాయి. అప్పుడు అక్కడి పెద్దాయన ఒకరు చెప్పారు, పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, ఎండ తగిలితే అందులో ఉన్న నూనె ఆవిరైపోతుంది, అందుకే సూర్యుడు కొండ దాటి రాకముందే కోసేస్తామని. అంటే గులాబీ తోట చూడాలనుకునేవాడు కోసేవాళ్ళతో పాటు లేవాలి. మరుసటి ఏడాది ముందురోజు సాయంత్రమే వెళ్ళి పైన పడుకున్నాం.

ఇంకా చీకటి పూర్తిగా పోలేదు, కొండ మీదే ఉన్న అల్ ఐన్ అనే ఊరి దగ్గర మడుల వెంట నడుస్తున్నాం. కొండ అంచున మెట్లు మెట్లుగా రాళ్ళ గోడలు కట్టి మట్టి పోసి చేసిన మడులు, ఒక్కోటి మన పెరడంత కూడా ఉండదు, వాటి పక్కన ఫలజ్ కాలవ. ఫలజ్ అంటే ఊట నీళ్ళని మోటారు లేకుండా వాలు మీద పారించుకునే పద్ధతి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు అన్నది ఊరు వంతులేసుకుంటుంది. అప్పుడు ముందు వాసన వచ్చిందండీ, పువ్వు తర్వాత కనిపించింది. చిన్న పువ్వు, లేత గులాబీ రంగు, మన బొకేల్లో పెట్టే పొడుగు కాడ రోజాలకి దీనికి పోలికే లేదు, మన ఇళ్ళల్లో పెంచే పన్నీరు గులాబీని తలుచుకోండి, అదీ. మనుషులు మాట్లాడకుండా చకచకా తొడిమ దగ్గర తుంచి నడుముకి కట్టుకున్న గుడ్డలో వేసుకుంటున్నారు. ఫోటో తీసుకోవచ్చా అని అడిగి తీసుకోండి, మడిలో కాలు పెట్టకండి, అది వాళ్ళ ఏడాది సంపాదన.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ రేకుల నుంచి పన్నీరు, అంటే గులాబీ నీళ్ళు, తీసే మట్టి పొయ్యి, దాన్ని దుహ్జాన్ అంటారు. పొయ్యి మీద వరసగా గుండ్రటి బొక్కలు, ఒక్కో బొక్కలో ఒక మట్టికుండ, కుండ నిండా రేకులు, వాటి మధ్యలో ఒక రాగి గిన్నె, కుండ మూతి మీద చల్లటి నీళ్ళు పోసిన ఇంకో పాత్ర. కింద మంట తగిలి రేకుల ఆవిరి పైకి లేచి ఆ చల్లటి అడుగుకి తగిలి చుక్క చుక్కగా మధ్య గిన్నెలో పడుతుంది, పైన నీళ్ళు వేడెక్కితే మార్చాలి, గంటల తరబడి అదే పని. తర్వాత జాడీల్లో పోసి కొన్ని వారాలు కదపకుండా ఉంచితే తేరుకుంటుంది. ఇలా తీసిన పన్నీరు కొంచెం గోధుమరంగులో ఉంటుంది, పొగ వాసన కూడా కలిసుంటుంది. ఇప్పుడు స్టీల్ మెషీన్లు వచ్చాయి, వాటిలో తీసింది నీళ్ళలా తెల్లగా ఉంటుంది, శ్రమ తగ్గింది, మంచిదే. కానీ నేను మాత్రం పొగ వాసనదే కొంటా, ఒమానీ హల్వాలో, కాఫీలో వేస్తే ఆ రుచే వేరు. పొయ్యి దగ్గరున్నాయన మాకు ఖర్జూరాలు పెట్టి చిన్న కప్పుల్లో ఖహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోశారు, యాలకులు, పన్నీరు కలిసిన ఆ ఘుమఘుమ ఇప్పుడు చెప్తుంటే కూడా ముక్కుకి తగుల్తోంది.

ఒక సీసా ఇంటికి పంపితే మా అమ్మ మూత తీసి, చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో వెండి బుడ్డితో చల్లిన పన్నీరు గుర్తొచ్చింది కానీ ఇందులో కట్టెల పొయ్యి వాసన కూడా ఉందేంట్రా అంది. ఉంటుందమ్మా అన్నాను, ఆ పొయ్యి గురించి చెప్పాను, చాలాసేపు వింది.

గల్ఫ్‌లో ఉండి వింటున్న మనవాళ్ళు ఎవరైనా వెళ్ళాలనుకుంటే మార్చి చివర్నుంచి మే మొదటి వారం దాకా టైం, ఏప్రిల్ మధ్యలో బాగా పూస్తాయి, గది ముందే బుక్ చేసుకోండి. మే సగం దాటాక పొదలే మిగుల్తాయి, ఇక అప్పుడు దానిమ్మకాయల కోసం ఆగస్టు చివర్లో వెళ్ళాలి.