ఆ మాట మొదట ఎక్కడ విన్నారు?

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను, పరిశోధకుణ్ణి కాను. మౌఖిక చరిత్ర, అంటే చూసినవాళ్ల నోట విని రాసుకునే చరిత్ర, అని పెద్ద పేరు పెట్టి పిలిచారు గానీ, క్లాసులో నేను చేసి చూసిందీ, చేసి చెడగొట్టిందీ రెండూ చెబుతాను.

హిట్లర్ పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ ఒకటే తంతు. 60 లక్షల మంది యూదులను చంపారంటే పిల్లలు ఆ అంకె కింద గీత గీస్తారు. రెండు మార్కుల ప్రశ్న కదా. రువాండా, 1994, సుమారు 100 రోజులు, 8 లక్షల మంది అంటే దాని కిందా గీతే. తర్వాత పేజీ తిప్పేస్తారు.

అందుకని పిల్లల్ని తీసుకుని మన చెన్నైలోనే ఉన్న వ్యాసర్పాడి వెళ్లాను. బర్మా నుంచి 1960లలో వచ్చినవాళ్లు అక్కడ స్థిరపడ్డారని మీకు తెలిసిందే. ప్యారిస్ కార్నర్ దాకా వెళ్లి అత్తో, అదే బర్మా నూడుల్స్, తినకుండా వచ్చేవాళ్లు ఈ హాల్లో ఎంతమంది? ఆ బర్మా కథలో మన తెలుగువాళ్లూ ఉన్నారని మాత్రం మా పిల్లలకు తెలియదు.

అక్కడ ఒక అవ్వ దొరికింది. పద్నాలుగేళ్ల వయసులో, 1964లో, ఓడ దిగింది. 50, 100 చాట్ (బర్మా డబ్బు) నోట్లు చెల్లవని అక్కడి ప్రభుత్వం ప్రకటించిన ఏడాది అది. ఓడ ఎక్కే రేవులో చెవి దిద్దులు కూడా తీయించారట. ఒక పిల్ల అడిగింది: "అవ్వా, మిమ్మల్ని వాళ్లు ఏమని పిలిచేవాళ్లు?" "కలా అనేవాళ్లమ్మా" అంది. భారతీయుల్ని చులకన చేసి పిలిచే మాట అది. "ఆ మాట మొదట ఎక్కడ విన్నారు?" అంటే, "బళ్లో. పక్కన కూర్చునే పిల్లే అంది" అంది.

నాకు పాఠం అక్కడ దొరికింది. రువాండాలో టుట్సీలను రేడియోలో బొద్దింకలు అన్నారని నేను ఎన్నిసార్లో చెప్పాను, ఎవరికీ పట్టలేదు. పక్క బెంచీ పిల్ల అన్న మాట పట్టింది.

అవ్వ వాళ్ల తాత రంగూన్ రేవులో బస్తాలు మోశాడు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద మనవాళ్లని అక్కడ కోరంగీలు అనేవారు. 1931 లెక్కల్లో ఆ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందు ఏడాది మేలో కూలి పెంచమని తెలుగు కూలీలు సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా కూలీలను దింపి, సమ్మె తీరగానే వాళ్లని పొమ్మన్నాయి. కొట్లాట మొదలైంది. వందమందికి పైగా పోయారు, ఎక్కువమంది మనవాళ్లే. కంపెనీల సంగతి అవ్వ చెప్పలేదు, తాత ఆవిడకి చెప్పలేదు కాబట్టి. అది మేం పుస్తకాల్లో వెతుక్కున్నాం. విన్నది ఒక్కటే చాలదు అనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

ఇది జాతి నిర్మూలనా అని పిల్లలు అడిగారు. కాదన్నాను. 1948 ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం ఒక సమూహాన్ని పూర్తిగానో కొంతగానో నాశనం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. కానీ అదే 'కలా' మాటను తర్వాత రోహింగ్యాల మీద, అంటే బర్మాలోని ఒక ముస్లిం సమూహం మీద, వాడారు. 2017 ఆగస్టు నుంచి 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2019లో గాంబియా ఆ కేసును అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకెళ్లింది. ఇక్కడికి దగ్గర్లోనే, కేళంబాక్కంలో, కొన్ని రోహింగ్యా కుటుంబాలు తలదాచుకున్నాయి.

ఇప్పుడు నా తప్పు. మొదటిసారి వెళ్లేముందు ప్రశ్నలు నేనే బోర్డు మీద రాసిచ్చాను. అందులో ఒకటి: "మీ కళ్ల ముందు ఎవరైనా చనిపోయారా?" ఒక అబ్బాయి అడిగేశాడు. ఆవిడ టీ పెడతానని లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. అబ్బాయి తప్పేం లేదు. ఇప్పుడు పిల్లలు ఆ రోజు ఏం వండారు, ఏం మూట కట్టారు అనే అడుగుతారు. చావు సంగతి చెప్పాలో వద్దో ఆవిడ ఇష్టం. క్లాసులో ఎవరి చేతా శరణార్థి వేషం కూడా వేయించకండి, దయచేసి.

ఇంకో చిక్కు. ఓడ దీపావళి ముందురోజు బయల్దేరిందని అవ్వ చెప్పింది. ఆవిడ దగ్గరున్న కాందిశీకుల కార్డు మీద జులై అని ఉంది. "అబద్ధం చెప్పింది సార్" అన్నారు పిల్లలు. మళ్లీ వెళ్లి అడిగాం. శిబిరంలో గడిపిన మొదటి దీపావళికి ఇంట్లో నూనె లేదట. ఆవిడ లెక్కలో ఊరు వదిలింది ఆ రోజే. తేదీ కార్డు నుంచి రాసుకున్నాం. దీపావళినీ కొట్టేయలేదు.

చివరికి ఒక పిల్ల తిప్పి అడిగింది: "మరి బర్మా వాళ్లని మనవాళ్లు ఏమనేవాళ్లవ్వా?" ఆ ముక్క ఫోన్లో ఉంది, ఇప్పుడు వినిపిస్తాను. అవ్వ చాలాసేపు మాట్లాడదు, ఫోన్ పాడైందనుకోకండి. ఆ ఫ్యాన్లు కాస్త ఆపండి, గొంతు చిన్నగా వస్తుంది.