పరీక్షరోజు ముద్ద దిగదు, పరీక్ష ముందు మిక్చర్ ఆగదు

తమ్ముడు: నమస్కారమండీ. శ్రీకాకుళం నుంచి మేమిద్దరమే మళ్లీ. అప్ప మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతాది, నేను మైకు పట్టుకుంటాను. ఇయాళ ప్రశ్న టెక్కలి అమ్మాయిది. ఇక్కడ రూము తీసుకుని డీఎస్సీకి చదువుతోందట. వాయిస్ మెసేజ్‌లో ఏటందంటే, పరీక్షరోజు ఇడ్లీ ముక్క కూడా గొంతు దిగదట. ముందు నెలల్లో మాత్రం రాత్రి పన్నెండింటికి మిక్చర్ పొట్లం ఖాళీ చేసేస్తాదట. "రెండూ టెన్షనే కదా మేడమ్, ఒకటి ఆకలి చంపుతాది, ఒకటి పెంచుతాది, ఇదేటి?" అంటోంది.

అప్ప: ప్రశ్న భలేగా అడిగింది. ఇంట్లో వాళ్లు ఆ పిల్లని ఏమంటారో కూడా చెప్పిందా?

తమ్ముడు: "నోరు కట్టుకోలేవు" అంటారట.

అప్ప: అంటారు, అంటారు. సరే, ఈ రెండూ ఒకే చోట నుంచి వస్తున్నాయి. మెదడు అడుగున, రెండు కళ్ల మధ్య నుంచి నేరుగా వెనక్కి వెళ్తే తగిలే చిన్న ముక్క, హైపోథలామస్. దాని కింద కాడకి వేలాడుతూ పిట్యూటరీ గ్రంథి, బఠాణీ గింజంత ఉంటుంది.

తమ్ముడు: మరి ఇదెంత ఉంటాది?

అప్ప: పుస్తకాల్లో బాదం గింజంత అని రాస్తారు. పలాస జీడిపప్పంత అందామని నాకూ ఉందిగానీ బరువు సరిపోదు. ఇది దాదాపు 4 గ్రాములు. ఆ 4 గ్రాముల్లోనే ఆకలి, దాహం, ఒంటి వేడి, నిద్ర వేళలు, నెలసరి, భయం వచ్చినప్పుడు ఒళ్లు స్పందించే తీరు, అన్నీ ఇరుక్కుని ఉన్నాయి. అందుకే ఒకదాన్ని కదిపితే పక్కది కదులుతుంది.

తమ్ముడు: ఆకలి అక్కడుందని ఎలా కనిపెట్టారప్పా? లోపలికెళ్లి చూసినోళ్లు లేరు కదా.

అప్ప: దాదాపు లోపలికెళ్లే చూశారు, ఎలకల్లో. 1940లో అమెరికాలో హెదరింగ్టన్, రాన్సన్ అనే ఇద్దరు ఎలక హైపోథలామస్‌లో మధ్యభాగాన్ని కాస్త పాడుచేశారు. ఆ ఎలకలు విపరీతంగా కొవ్వెక్కిపోయాయి. తర్వాత 1951లో మనవాడొకాయన, బాల్ కృష్ణ ఆనంద్, యేల్ యూనివర్సిటీలో జాన్ బ్రోబెక్‌తో కలిసి పనిచేస్తూ, మధ్యభాగం వదిలేసి అటూ ఇటూ రెండు పక్కలా పాడుచేసి చూశారు. సన్నని తీగ దింపి, కరెంటు పంపి, చిన్న చుక్కంత మేర. ఎలక బతికే ఉంది, ఎదురుగా తిండి ఉంది. ముట్టుకోదు. అలాగే శుష్కించి చచ్చిపోయేవి.

తమ్ముడు: ఓలమ్మో! తిండి ముందర పెట్టుకునా?

అప్ప: ముందర పెట్టుకునే. ఆ ఆనంద్ గారే తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫిజియాలజీ విభాగాన్ని నిలబెట్టారు. మా క్లాసులో ఈ పేరు చెబితే పిల్లలు ఒక్కసారి తలెత్తుతారు. అయితే "ఇది ఆకలి కేంద్రం, అది తృప్తి కేంద్రం" అని గీత గీసినట్టు చెప్పడం ఇప్పుడు చెల్లదు. ఆ చుక్కలోంచి వేరే నరాల తీగలు కూడా పోతుంటాయి, వాటికీ దెబ్బ తగిలిందని తర్వాత తేలింది. ఇప్పుడు మేం ఎక్కువగా చెప్పేది హైపోథలామస్‌లోనే ఉండే ఆర్క్యుయేట్ అనే నరకణాల గుంపు గురించి. అందులో రెండు రకాల కణాలు పక్కపక్కనే ఉంటాయి. ఒక రకం "తిను" అంటుంది, రెండోది "చాలు" అంటుంది. "తిను" అనే కణాల్ని 2011లో కాంతి పంపి, పనిలోకి దింపి చూశారు. కడుపు నిండిన చిట్టెలక కూడా నిమిషాల్లో తిండి మీద పడింది.

తమ్ముడు: అంటే దానికి నోరు కట్టుకోవడం రాదన్నమాట.

అప్ప: నువ్వు చెప్పు, దాని తప్పేంటి? ఆ కణాలకి కబురు ఒంటి నుంచే వెళ్తుంది. కడుపు ఖాళీ అయితే గ్రెలిన్ అనే హార్మోన్ వెళ్తుంది, అది 1999లో జపాన్‌లో దొరికింది. ఒంట్లో కొవ్వు నిల్వ ఎంతుందో లెప్టిన్ అనే ఇంకో హార్మోన్ చెబుతుంది, అది 1994లో న్యూయార్క్‌లో ఫ్రీడ్‌మన్ ల్యాబ్‌లో దొరికింది.

తమ్ముడు: అయితే లెప్టిన్ ఇంజెక్షన్ చేయించుకుంటే సన్నబడిపోమా?

అప్ప: అందరూ అలాగే ఆశపడ్డారు. పుట్టుకతో లెప్టిన్ లేని పిల్లలు చాలా అరుదుగా ఉంటారు, వాళ్లకి అది నిజంగా ప్రాణం పోసింది. మామూలుగా బరువు పెరిగినవాళ్ల రక్తంలో లెప్టిన్ తక్కువుండదు, ఎక్కువే ఉంటుంది. మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కాబట్టి ఇంకాస్త పోసినా లాభం లేదు.

తమ్ముడు: మరి టెన్షన్ సంగతి?

అప్ప: తిత్లీ తుఫాను గుర్తుందా? 2018 అక్టోబర్ 11, తెల్లవారుజామున.

తమ్ముడు: మర్చిపోతానా! ఉద్దానంలో అమ్మమ్మింట్లో ఉన్నాను. కొబ్బరిచెట్టు పడిన చప్పుడు ఒకటయితే, రేకులు ఎగిరిన చప్పుడింకొకటి. పొద్దున్న చద్దన్నం కలిపి పెడితే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోనాది.

అప్ప: అదీ, ఆ ముద్ద ఆగిందే, అది హైపోథలామస్ పని. ప్రమాదం అనిపించగానే అది రెండు దారుల్లో ఆర్డరు వేస్తుంది. నరాల దారి సెకన్లలో పనిచేస్తుంది. ఎడ్రినలిన్ వస్తుంది, గుండె దడదడ, పేగులకి వెళ్లే రక్తం తగ్గుతుంది. రెండోది హార్మోన్ల దారి. హైపోథలామస్ సీఆర్‌హెచ్ అనే రసాయనం వదులుతుంది, అది పిట్యూటరీకి చేరుతుంది, పిట్యూటరీ ఏసీటీహెచ్ వదులుతుంది, అది రక్తంలో ప్రయాణం చేసి మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథులకి చెబుతుంది. అవి కార్టిసాల్ విడుస్తాయి. ఈ వరసలో మొదటిదుందే, సీఆర్‌హెచ్, అది ఆకలిని చంపుతుంది. పరీక్షరోజు ఇడ్లీ దిగనిది అందుకే.

తమ్ముడు: ఆ సీఆర్‌హెచ్చే కదా నువ్వు ఆమధ్య గొర్రెల కథ చెప్పినావు?

అప్ప: ఆ కథ వదలవు నువ్వు. మెదడు రసాయనంతోనే పిట్యూటరీని నడిపిస్తుందని ఇంగ్లండులో జెఫ్రీ హారిస్ ఎప్పుడో వాదించారు. రసాయనం చూపించమన్నారు జనం. గిల్లెమిన్, షాలీ అని ఇద్దరు శాస్త్రవేత్తలు, మొదట హ్యూస్టన్‌లో కలిసే వెతికారు, తర్వాత విడిపోయి పోటీ పడ్డారు. కబేళాల నుంచి గిల్లెమిన్ గొర్రె మెదడు ముక్కలు, షాలీ పంది మెదడు ముక్కలు తెప్పించేవారు. వందలూ వేలూ కాదు, లక్షలు. అంతా నూరి, వడగట్టి, చివరికి మిగిలేది మిల్లీగ్రాముల్లో. వెతికింది సీఆర్‌హెచ్ కోసం, అది చిక్కలేదు. 1969లో థైరాయిడ్‌ని నడిపించే టీఆర్‌హెచ్ నిర్మాణం తేలింది. 1977లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. రోజలిన్ యాలో అనే ఆవిడతో పంచుకున్నారు. సీఆర్‌హెచ్ మాత్రం 1981లో వైలీ వేల్‌కి దొరికింది. ఆయన గిల్లెమిన్ శిష్యుడే. అదీ గొర్రె మెదడు నుంచే.

తమ్ముడు: గురువుకి చిక్కనిది శిష్యుడికి చిక్కీసింది.

అప్ప: ఇప్పుడు మిక్చర్ పొట్లం దగ్గరికి వద్దాం. కార్టిసాల్ పని వేరు. పోరాటంలో ఖర్చయిందాన్ని పూడ్చమంటుంది. రక్తంలో చక్కెర పెంచుతుంది, తినమంటుంది, అదీ తీపీ నూనే వైపు లాగుతుంది. మామూలుగా కార్టిసాల్ చాలినంత పెరగ్గానే హైపోథలామస్ ఆర్డరు ఆపేస్తుంది, మేడ మీద ట్యాంకు నిండగానే బంతి లేచి నీళ్లు ఆపినట్టు. రోజూ అదే బెంగ, ఇంట్లో ఫోన్లు, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు, అలా నెలల తరబడి సాగితే కార్టిసాల్ మాటిమాటికీ లేస్తుంది. తుఫాను ఒక పూటతో పోతుంది, డీఎస్సీ పోదు కదా.

తమ్ముడు: మరి రాత్రే ఎందుకప్పా? పగలు అంబలి తాగి బానే ఉంటానందట.

అప్ప: నిద్ర. చికాగోలో చేసిన ప్రయోగం ఒకటి 2004లో అచ్చయింది. 12 మంది కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పది గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. అంటే "చాలు" అనేది తగ్గి "తిను" అనేది పెరిగింది. పన్నెండు మందే, చిన్న ప్రయోగం, అయినా దిశ అర్థమవుతుంది. పైగా మన ఒంటి గడియారం కూడా హైపోథలామస్‌లోనే ఉంది, పొద్దుటి వెలుతురుతో అది సరిచేసుకుంటుంది. అరసవల్లి దేవుడి ఊళ్లో ఉండి ఈ పిల్ల తొమ్మిదింటిదాకా కిటికీ తెరవదేమో.

తమ్ముడు: మెసేజ్‌లో ఇంకో మాట కూడా ఉన్నాది అప్పా. నేను చదవలేదు.

అప్ప: నెలసరి తప్పుతోందన్నదా? చదవాల్సింది, సిగ్గెందుకు. అండాశయాల్ని నడిపించే సంకేతం కూడా హైపోథలామస్ నుంచే వెళ్తుంది, ధారగా కాదు, విడతలు విడతలుగా. విపరీతమైన ఒత్తిడికీ, తిండి చాలకపోయినా ఆ విడతలు చెదురుతాయి. అయితే ఒత్తిడే అని తనకు తానే తీర్పు చెప్పుకోవద్దు. థైరాయిడ్ కావచ్చు, పీసీఓడీ కావచ్చు. లేడీ డాక్టరుకి ఒకసారి చూపించుకోమను. తిండి సంగతంటావా, పగలంతా అంబలి మీదే ఉంటే రాత్రికి గ్రెలిన్ ఊరుకుంటుందా? సాయంత్రం ఏడింటికి పప్పో గుడ్డో వేసుకుని కడుపు నిండా అన్నం తినమను. పొట్లం రూములో లేకుండా చూసుకోమను.

తమ్ముడు: అవునప్పా, ఇదయితే మనింటి ప్రశ్న. పిన్నికి మోకాళ్ల నొప్పులని ఎవరో బిళ్లలిచ్చారు. నొప్పి పోనాదిగానీ మొహం ఉబ్బిపోనాది, ఆకలి ఆగట్లేదంటోంది.

అప్ప: ఎన్నాళ్ల నుంచి?

తమ్ముడు: సంక్రాంతి ముందర నుంచి. రేపట్నుంచి మానేస్తానంటోంది.

అప్ప: వద్దను! ఇప్పుడే ఫోన్ చెయ్యి. అవి స్టెరాయిడ్ బిళ్లలే అయ్యుండొచ్చు, అంటే బయటి నుంచి వేసుకునే కార్టిసాల్ లాంటివి. ఆకలి, మొహం ఉబ్బు అందుకే. నెలల తరబడి బయటి నుంచి వస్తుంటే హైపోథలామస్, పిట్యూటరీ రెండూ ఆర్డర్లు వెయ్యడం మానేస్తాయి, ఎడ్రినల్ గ్రంథులు చిక్కిపోతాయి. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోవచ్చు, వాంతులు, నీరసం, ప్రాణం మీదకి కూడా రావచ్చు. మోతాదు డాక్టరే మెల్లమెల్లగా తగ్గించాలి. ఆ స్ట్రిప్పు ఫోటో తీసి ఇప్పుడే నాకు పంపమను. రేపు పొద్దున్నే ఓపీ తెరిచేసరికి పెద్దాసుపత్రిలో ఉండాలి, బిళ్లలూ వెంట తెచ్చుకోవాలి.

తమ్ముడు: ఉండండీ, పిన్నికి ఫోన్ కలుపుతున్నాను.