శనివారం ఉదయం 9 గంటలు: ఒక్క టీవీ, ముగ్గురి వంతు

నమస్తే అండీ. ఇక్కడ ఫ్రిస్కోలో శనివారం ఉదయం 8:40 అయింది. వెనకాల వినిపిస్తున్నది టీ మరుగుతున్న చప్పుడు. ఇంకో ఇరవై నిమిషాల్లో మా హాల్లో ఏం జరుగుతుందో చూపిద్దామనే పొద్దున్నే కెమెరా పట్టుకున్నాను.

గుంటూరు నుంచి మా అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి నెల దాటింది. ఈ కాలంలో ఇండియాకీ టెక్సస్‌కీ పదిన్నర గంటల తేడా. అక్కడ రాత్రి 7:30 అంటే మనకు ఉదయం 9. అత్తయ్యగారి సీరియల్ 7:30కే. మామయ్యగారి ఐపీఎల్ మ్యాచ్ కూడా 7:30కే. పదకొండేళ్ళ మా వాడికి గేమ్ ఆడుకోవడానికి మేం ఇచ్చిన టైము శనివారం 9 నుంచి 11. ఇంట్లో పెద్ద టీవీ ఒక్కటే. ఇదిగో, దీని కింద అరలో ఉన్నది వాడి గేమ్ కన్సోల్.

నేను పెళ్ళి చేసుకుని 2009లో ఇర్వింగ్ ఊళ్ళోని అపార్ట్‌మెంటుకి వచ్చినప్పుడు మా వారి దగ్గర ఒక పాత డబ్బా టీవీ, దాని కింద ఎక్స్‌బాక్స్ 360 అనే గేమ్ పెట్టె ఉండేవి. అంతకు ముందు ఏడాది నవంబరులోనే దాంట్లోకి నెట్‌ఫ్లిక్స్ వచ్చింది. అప్పట్లో టీవీ బొమ్మ చూపించడానికి మాత్రమే, తెలివంతా కింద పెట్టెలోనే. అంతకు ముందు ప్లేస్టేషన్ 2 ని డీవీడీలు చూడటానికి, ప్లేస్టేషన్ 3 ని బ్లూరే సినిమా డిస్కుల కోసం కొన్నవాళ్ళు కూడా ఉన్నారు. గేమ్ పెట్టెతో సినిమా కూడా ఇంట్లోకి వచ్చిన రోజులవి. తెలుగు ఛానళ్ళకు మాత్రం డిష్ పెట్టించుకునేవాళ్ళం.

2013 మే నెలలో ఎక్స్‌బాక్స్ వన్‌ను పరిచయం చేసినప్పుడు గేముల కన్నా టీవీ గురించే ఎక్కువ చెప్పారు. కేబుల్ బాక్స్‌ను దాని వెనక గుచ్చితే హాల్ మొత్తానికి అదే కేంద్రం అవుతుందన్నారు. ధర 499 డాలర్లు. ఆ జులైలోనే గూగుల్ నుంచి క్రోమ్‌కాస్ట్ వచ్చింది, 35 డాలర్లకు. మా వారు రెండోదే కొన్నారు. టీవీ వెనక గుచ్చే ఆ వేలెడంత ముక్కతో అప్పటికున్న మామూలు టీవీలోనే యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ వచ్చేశాయి. నా లెక్కలో కన్సోల్‌కి హాల్ మీద పట్టు జారింది ఆ ఏడే. తర్వాత ఆ ముక్క చేసే పని టీవీ లోపలికే వచ్చేసింది.

ఇప్పుడు రెండు వారాల కిందటి సంగతి చెప్తాను. అత్తయ్యగారు సీరియల్ చూస్తూ ఖాళీగా కూర్చోలేక టీపాయ్ తుడుస్తున్నారు. మంచి సీన్ నడుస్తుండగా బొమ్మ పోయి గేమ్ స్క్రీన్ వచ్చేసింది. "అమ్మాయ్, నేనేం ముట్టుకోలేదు, టీవీ పాడైపోయింది" అని వంటింట్లోకి పరుగున వచ్చారు. ఆవిడ మొహంలో టెన్షన్ చూసి నాకు నిజంగా బాధేసింది. ఇంత దూరం వచ్చి, కొడుకింట్లో ఒక వస్తువు తన వల్ల పాడైందేమోనని భయపడటం ఏమిటండీ!

జరిగింది ఇంతే. తుడిచేటప్పుడు టీపాయ్ మీదున్న గేమ్ కంట్రోలర్ మధ్య బటన్ నొక్కుకుంది, కన్సోల్ లేచింది. కన్సోల్‌ను టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో సీఈసీ అనే సదుపాయం ఉంటుంది. పెట్టె ఆన్ అయితే "నన్ను చూపించు" అని టీవీకి కబురు పెడుతుంది, టీవీ వెంటనే అటు మారిపోతుంది. శామ్‌సంగ్‌లో దీని పేరు ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. పని ఒకటే. కన్సోల్ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ దగ్గర, ఈ కబురు పంపే వన్ టచ్ ప్లే ఆపేశాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ ఒక్క పని ఇవాళే చేయండి.

టీవీలోనే గేమ్ వస్తుంటే కింద పెట్టె ఎందుకని మీరడగొచ్చు. 2022 నుంచి శామ్‌సంగ్ టీవీల్లో ఎక్స్‌బాక్స్ యాప్ ఉంది, కన్సోల్ లేకుండానే ఆడొచ్చు. మా చెల్లెలి ఇంట్లో మా వాడు ప్రయత్నించాడు. మెల్లగా సాగే గేములు బాగానే ఉన్నాయి. ఫుట్‌బాల్ మొదలెట్టగానే "అమ్మా, నేను నొక్కాక ఆలస్యంగా తన్నుతున్నాడు" అన్నాడు. వాడన్నది నిజమే. నొక్కిన బటన్ ఇంటర్నెట్ మీద ఎక్కడో ఉన్న సర్వర్‌కి వెళ్ళాలి, అక్కడ గేమ్ నడిచి, బొమ్మ వీడియోగా వెనక్కి రావాలి. కన్సోల్ అయితే ఆ దారంతా రెండు గజాల కేబుల్. ఇదే పద్ధతి మీద గూగుల్ నడిపిన గేమ్ సర్వీసు స్టేడియా 2023 జనవరిలో మూతపడింది. అందుకే మా ఇంట్లో కన్సోల్ ఉంటుంది, కానీ గేమ్‌లకే. సినిమా చూడటానికి పదుల వాట్ల కరెంటు తాగుతూ ఫ్యాన్ తిరిగే పెట్టె నాకు అక్కర్లేదు.

టీవీ మీద కూడా నాకొక పట్టింపు ఉంది. చాలా స్మార్ట్ టీవీలు తెర మీద మనం చూసేది గుర్తుపట్టి ఆ సమాచారం పంపగలవు. చెప్పకుండా అలా చేసిందన్న కేసులో విజియో కంపెనీ 2017లో 22 లక్షల డాలర్లు కట్టింది. మా అత్తయ్యగారు ఏ సీరియల్ చూసి కళ్ళు తుడుచుకుంటున్నారో ఎవరికీ తెలియక్కర్లేదు. ప్రైవసీ మెనూలోకి వెళ్ళి దాన్ని ఆపేశాను.

సరే, 8:57. చూడండి, మా వాడు ట్యాబ్ తీసుకుని డైనింగ్ టేబుల్ దగ్గరికి వెళ్తున్నాడు. రిమోట్ ప్లే అంటారు. కన్సోల్ హాల్లోనే ఉంటుంది, గేమ్ ఇంటి వైఫై మీద ట్యాబ్‌లోకి వస్తుంది. టీవీ గోడకే ఉండాలి, కన్సోల్ ఆట మాత్రం ఇల్లంతా తిరగగలదు. ఇది తెలిశాక మా శనివారాలు చాలా తేలికయ్యాయి. కంట్రోలర్ కూడా టీపాయ్ మీద నుంచి వాడితోపాటే వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది పెద్దవాళ్ళిద్దరే. మొదటి అరగంట సీరియల్, ఆ తర్వాత మ్యాచ్. ఈ ఏర్పాటు మామయ్యగారిదే. "పవర్‌ప్లే నీ ఫోన్‌లో పెట్టివ్వమ్మా, చాలు" అన్నారు. స్టాండ్‌కి పెట్టిచ్చాను.

అత్తయ్యగారు ఇప్పుడు రిమోట్ మైక్ బటన్ నొక్కి తెలుగులోనే ఛానల్ పేరు చెప్తున్నారు. వచ్చేసింది, విన్నారా? టీ పొంగేలా ఉంది, నేను వెళ్తాను. ఉంటానండీ.